సుదర్శన్ బస్సులకు నేను పెట్టిన వంకలు

నా ఉద్యోగ జీవితమంతా నాచారం పారిశ్రామికవాడలోని ఒక పాత బస్సుల యార్డులో గడిచింది. కాలేజీలు, స్కూళ్లు వదిలించుకునే బస్సులను మా సేటు కొనేవాడు. మేము వాటిని బాగుచేయించి ఆఫ్రికా దేశాలకు అమ్మేవాళ్లం. ఈ మధ్యే రిటైరయ్యాను. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు ఇంటికి వచ్చి ఒకటే అడుగుతున్నారు. "అంకుల్, మనల్ని ఎన్నడు సూడనోడు, సముద్రం అవుతల ఉన్నోడు, ఫోన్ల మన మాట ఇని బస్సు ఎట్ల కొంటడు?"

దానికి జవాబు చెప్పాలంటే సుదర్శన్ గురించి చెప్పాలి. ఆ పేరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. అయినా చెప్తాను. ఎగుమతి కాగితాలు, ఓడల బుకింగులు మీకు ఆఫీసులో ఎవరైనా నేర్పుతారు. నేను రాసేది ఎవరూ నేర్పరు.

ఎదురెదురు కుర్చీలు

మాది ఉప్పలే. మా తాతల నాటి చెలక ఎప్పుడో ప్లాట్లయిపోయింది. డిగ్రీ అయ్యాక ఈ యార్డులో అమ్మకాలు చూసే ఉద్యోగంలో చేరాను. కొన్నేళ్లకు సుదర్శన్ వచ్చాడు. జనగామ వైపు మనిషి, పీర్జాదిగూడలో అద్దెకు దిగాడు. నాదీ వాడిదీ ఒకటే డిగ్రీ, ఒకటే పని. సేటు మా ఇద్దరికీ ఒకే బల్లకు అటొక కుర్చీ, ఇటొక కుర్చీ వేయించాడు. అంటే అప్పటి నుంచి ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నేను వాడి మొహం చూస్తూనే పని చేశాను.

నేను వాడికి ఎందులో తక్కువ? ఇస్త్రీ చొక్కా లేకుండా నేను గేటు దాటలేదు. వాడు బనీను కనిపించేలా గుండీలు వదిలేసి, జేబులో వేయించిన పల్లీలు పోసుకొని, అందరూ టీ తాగడం అయ్యాక వచ్చేవాడు. నాకు వచ్చిన మెయిలుకు ఆ రోజే జవాబు వెళ్లేది. వాడు అవతలివాళ్లు గుర్తు చేస్తే తప్ప రాసేవాడు కాదు. పరాయి దేశంవాళ్లతో ఫోన్‌లో మాట్లాడుతూ పటపటా పల్లీలు నములుతుంటే సిగ్గుతో నేనే తల దించుకునేవాణ్ని.

అయినా ఫోన్ మోగితే మొదట వినిపించే మాట "సుదర్శన్ ఉన్నాడా?" అనే. నేను వెతికి పట్టుకొచ్చిన కస్టమర్లు కూడా వాడితో ఒకసారి మాట్లాడితే చాలు, ఇక నన్ను మరిచిపోయేవారు. నేను ఎవరికీ అబద్ధం చెప్పలేదు, ఎవరికీ చెడ్డ బస్సు అంటగట్టలేదు. అయినా నమ్మకం మాత్రం వాడికే దక్కేది. కుళ్లు అంటే ఇదేనని ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు. నిజాయితీ లేనివాడు ముందుకు పోతే కోపం వస్తుంది. మనలాంటివాడే, మనకన్నా తక్కువ కష్టపడి ముందుకు పోతే నిద్ర పట్టదు.

మా ఇంటావిడ పద్మ ఒకరోజు కంచం ముందు పెట్టి అననే అంది. "పొద్దుగాల సుదర్శనే, అన్నం తినేటప్పుడు సుదర్శనే. నన్ను లగ్గం జేసుకున్నవా, ఆయన్ని జేసుకున్నవా?"

మీటరు

మా సేటు చెడ్డవాడు కాదు, ఆశపోతు. ఒకసారి ఒక బస్సు కిలోమీటర్ల మీటరు వెనక్కి తిప్పించమన్నాడు. నేను ససేమిరా అన్నాను. అది మోసమని, పట్టుబడితే పరువు పోతుందని గట్టిగా వాదించాను. సేటు నా మీద అరిచి, సుదర్శన్‌ను పిలిచాడు.

వాడు నెత్తి గోక్కుంటూ అన్నాడు. "తిప్పుదాం సేటూ. గని మీటరు ఒక్కటే తిప్పుతే ఎట్ల? బ్రేకు పెడల్ రబ్బరు అరిగిపోయింది, అది మార్సాలె. స్టీరింగ్ చేతులు పెట్టిన కాడ నున్నగైంది, అది మార్సాలె. డ్రైవర్ సీటు కుంగిపోయింది. మస్తు పని సేటూ. ఎవలు జేస్తరు?"

సేటు కాసేపు ఆలోచించి, "సరే, ఉండనియ్" అన్నాడు. న్యాయం చెప్పినవాణ్ని నేను, తిట్లు తిన్నదీ నేను. బద్ధకంతో నసిగినవాడి మాట నెగ్గింది. మధ్యాహ్నం సేటు వాడికి ఇరానీ చాయ్ తెప్పించాడు. నాకు తెప్పించలేదు.

మీటరు సంగతి మాత్రం గుర్తుంచుకోండి. విదేశాల్లో కొనేవాళ్లు మీటరు అంకెను అసలు చూడరు. పెడల్ రబ్బరు ఫొటో అడుగుతారు.

మామా నేమా

ఆమె నా కస్టమర్. ఈ మాట గట్టిగా చెప్తున్నాను. టాంజానియాలో సొంతంగా బస్సులు నడిపే పెద్దావిడ. ఇంటర్నెట్‌లో వెతికి, ఉత్తరప్రత్యుత్తరాలు నడిపి, మొదటి బస్సు ఆమెకు అమ్మింది నేను. వాళ్ల దేశంలో పెద్దావిడను పేరు ముందు "మామా" అని పిలుస్తారట, అంటే అమ్మ అని. నేను మర్యాదగా మేడం అనే పిలిచేవాణ్ని.

ఒకరోజు నేను సెలవులో ఉంటే ఆమె ఫోన్ సుదర్శన్ ఎత్తాడు. "మా ఊళ్లో మామ అంటే మీసాలుండాలి, మిమ్మల్ని అలా పిలవాలంటే నోరు రావడం లేదు" అన్నాడట. ఆమె పడీ పడీ నవ్విందట. అంతే, నా ఏడాది మర్యాద ఆ ఒక్క నవ్వుకు సాటిరాలేదు. మరుసటి ఫోన్ నుంచి ఆమె కూడా అదే అడగడం మొదలుపెట్టింది. "సుదర్శన్ ఉన్నాడా?"

కొన్నాళ్లకు ఆమె నుంచి మెయిల్ వచ్చింది. వ్యాపారం పెంచుతున్నానని, హైదరాబాద్ వచ్చి బస్సులు స్వయంగా చూస్తానని రాసింది. ప్రతిసారీ రాలేను కాబట్టి తన తరఫున బస్సులు ఎంచి పంపే మనిషి ఒకరు కావాలట. "హైదరాబాద్‌లో నా మనిషి" అని రాసింది.

ఆ మాట నేను మళ్లీ మళ్లీ చదువుకున్నాను. జీతం పెరుగుతుందని కాదు. ఎక్కడో ఉన్న ఒక మనిషి, కళ్లతో చూడకుండా, కేవలం ఈ మల్లేశం చెప్పాడని బస్సు కొంటుంది. ఈ పనిలో అంతకు మించిన గౌరవం లేదు. నాకు అది కావాలి. సుదర్శన్‌కు దక్కకూడదు. రెండూ సమానంగా కోరుకున్నాను.

రంగు

ఆమె వస్తుందని నేను ఒక బస్సును సిద్ధం చేశాను. తుప్పు పట్టిన చోట కోయించి, కొత్త రేకు వెల్డింగ్ చేయించి, పైన పుట్టీ పెట్టించి, గీకించి, పాలలాంటి తెల్లరంగు కొట్టించాను. సీట్లకు కొత్త కవర్లు, ముందర నిమ్మకాయలు, మిరపకాయలు, అద్దానికి పసుపు కుంకుమ. మనవాళ్లు ఏ వస్తువునైనా ఇంటి నుంచి సాగనంపేటప్పుడు అలా మాసిన మొహంతో పంపరు కదా. పెళ్లిచూపులకు పిల్లను తయారుచేసినట్టు చేశాను.

సుదర్శన్ ఏమీ చేయలేదు. వాడి బస్సు కీసర దగ్గర ఒక కాలేజీది. రంగు వెలిసిపోయింది. పక్కన కాలేజీ పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో అలాగే ఉంది.

"ఏందిరా, గా పేరన్న తుడిపియ్యవా?" అని అడిగాను.

"కడిగిపిచ్చిన గదన్నా" అన్నాడు పల్లీలు నములుతూ. "రంగు ఎందుకు? ఆమె కొన్నంక ఆమె కంపెనీ రంగు ఏసుకుంటది. ఒక్క పని రెండుసార్లు ఎవడు జేస్తడు?"

శుద్ధ బద్ధకం. మీరు ఇంకోలా అనుకోవద్దని ముందే చెప్తున్నాను.

మామా నేమా మంచి ఎండలో వచ్చింది. భారీ మనిషి, తలకు నీలం గుడ్డ చుట్టుకుంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, కొబ్బరినీళ్లు ఇస్తే నిలబడే తాగింది. ఆమెతో మేం మాట్లాడింది ఇంగ్లిష్‌లోనే. తెలుగు చేసి రాస్తున్నాను.

నేను నా బస్సు దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె తల ఊపి, చేతిసంచీలోంచి ఒక చిన్న అయస్కాంతం తీసింది. ఇళ్లలో ఫ్రిజ్ తలుపుకు అంటించుకుంటామే, అలాంటిది, అనాసపండు బొమ్మది. వెనక చక్రం పైన రేకుకు పెట్టింది. అది జారి కింద పడింది. ఇంకో చోట పెట్టింది. మళ్లీ పడింది.

"ఇక్కడ ఇనుము లేదు" అంది.

"ఉందండీ. పైన పుట్టీ మందంగా ఉంది, అందుకే పట్టడం లేదు. లోపల కొత్త రేకు వేయించాను" అన్నాను. అది పచ్చి నిజం.

"ఉండవచ్చు. కానీ మీరు రంగు వేశాక నేను ఎలా చూడాలి?"

ఆమె సుదర్శన్ బస్సు వైపు నడిచింది. అక్కడ తుప్పు తుప్పుగానే కనిపిస్తోంది. వాడు ఆమెకు అయస్కాంతం తీసే పని కూడా పెట్టలేదు. "ఇక్కడ బొక్క ఉంది, అటు పక్క ఇంకోటి ఉంది. వాన పడితే చివరి సీటులోవాళ్లు తడుస్తారు" అని తనే చూపించాడు. ఆమె నవ్వింది. బొక్కలో వేలు పెట్టి చూసి, మళ్లీ నవ్వింది. ఆ బస్సే కొంది.

తెలుగు అక్షరాలు తుడవొద్దని కూడా చెప్పింది. వాళ్ల ఊళ్లో ఒక బస్సు మీద పరదేశం అక్షరాలుంటే, అది నేరుగా బయటి నుంచి వచ్చిందని, అక్కడ నలుగురి చేతులు మారలేదని జనం నమ్ముతారట.

వెళ్లేముందు సేటుతో చెప్పింది. "ఇక నుంచి నా బస్సులు సుదర్శన్ ఎంచి పంపుతాడు."

ఆ సాయంత్రం నేను ఉప్పల్ దాకా నడిచే వెళ్లాను. ఆటో ఎక్కితే ఎవరితోనైనా మాట్లాడాల్సి వస్తుందని భయం. బద్ధకానికి ఇంత గౌరవం దొరుకుతుందని తెలిస్తే నేను చిన్నప్పటి నుంచీ పడుకునే ఉండేవాణ్ని కదా. నేను కష్టపడి చేయించిన పని మోసంలా కనిపించింది, వాడు చేయని పని నిజాయితీలా కనిపించింది. ఇప్పుడు తలుచుకున్నా అది అన్యాయమే అంటాను.

కానీ ఆమె అడిగిన ప్రశ్న తప్పు కాదు. అమ్మేముందు రంగు వేయకండి. లోపల బంగారం ఉన్నా వేయకండి. అలాగే వీడియో కాల్‌కు ముందు ఇంజిన్ వేడిచేసి ఉంచకండి. చల్లటి ఇంజిన్‌ను వాళ్ల కళ్ల ముందే స్టార్ట్ చేయండి. మొరాయిస్తే మొరాయించనివ్వండి. ఎంతసేపు మొరాయించిందో చూసినవాడే కొంటాడు.

వంకలు

ఆమె వెళ్లిన కొద్ది రోజులకు నా ఫోన్‌కు ఒక సందేశం వచ్చింది. "మిస్టర్ మల్లేశం, సుదర్శన్ నాకోసం ఒక బస్సు ఎంచాడు. మీకు తీరిక ఉంటే ఒకసారి చూసి, ఎలా ఉందో చెప్తారా?"

నా సంతోషం మీకు ఎలా చెప్పాలి! వాడి మీద ఆమెకు అనుమానం మొదలైందనుకున్నాను. ఇస్త్రీ చొక్కాతోనే గోనెసంచి పరుచుకొని బస్సు కిందికి దూరాను. వెనక స్ప్రింగు పట్టీ ఒకటి చిట్లింది. గేరుబాక్సు నుంచి నూనె చెమ్మ. ఒక టైరు పైపొర మాత్రమే కొత్తది. బస్సు తీసుకొని వరంగల్ రోడ్డు మీద అన్నోజిగూడ దాకా వెళ్లొచ్చాను. బ్రేకు వేస్తే ఎడమకు గుంజుతోంది. అన్నిటికీ ఫొటోలు తీశాను, బ్రేకు సంగతి నోటితో చెప్పి రికార్డు చేసి పంపాను. వైపరు వేరే మోడల్‌ది అని కూడా చెప్పాను. వాడు తెచ్చుకున్న మంచిపేరును ఒక్కొక్క నట్టూ విప్పుతున్నట్టు అనిపించింది.

ఆమె థాంక్స్ చెప్పింది. తరువాత సుదర్శన్‌కు ఫోన్ చేసి అవన్నీ బాగుచేయించమంది. వాడు చేయించాడు. బస్సు ఓడెక్కింది. నాకేం మిగిలింది?

ఆ తరువాత వాడు ఎంచిన ప్రతి బస్సుకూ అదే సందేశం, ప్రతిసారీ అదే ఆశ. ఇంకా లోతుగా వెతికేవాణ్ని. వాడికి నా మీద కోపం రావాలని చూసేవాణ్ని, అదీ రాలేదు. "అన్నా, నీ కండ్లల్ల నిప్పులున్నయే. గా పట్టీ నాకు అస్సలు కనవడలే" అని జేబులోంచి గుప్పెడు పల్లీలు తీసి నా ముందు పోసేవాడు. నేను ముట్టుకునేవాణ్ని కాదు.

ఒకసారి మాత్రం వాడి పని అయిపోయిందనుకున్నాను. ఘట్‌కేసర్ వైపు ఒక కాలేజీ బస్సు, చూడడానికి కొత్తదానిలా ఉంది. కింద చాసిస్‌కు, అంటే బస్సును మోసే ఇనుప చట్రానికి, నల్లరంగు కొట్టి ఉంది. నాకు రంగంటే ఏమిటో తెలుసు కదా. గీకి చూస్తే చాసిస్ విరిగి అతికించిన గుర్తు. ఎక్కడో పెద్ద ప్రమాదం జరిగిన బస్సు అది. నిండా జనంతో ఘాట్‌రోడ్డు ఎక్కితే ఆ అతుకు ఊడుతుంది. సుదర్శన్ కిందికి చూడనే లేదు, కాలేజీవాళ్ల మాట నమ్మేశాడు.

అక్కడే బస్సు కింద పడుకునే ఆమెకు వీడియో కాల్ చేశాను. అతుకు చూపించాను. "చూశారా మీ మనిషి పని!" అన్నాను. గొంతులో సంతోషం దాచుకోలేకపోయాను.

ఆమె అతుకును ఇంకొంచెం దగ్గరగా చూపించమంది. "ఆ బస్సు వద్దు. మీకు రుణపడి ఉన్నాను" అంది.

ఇక నాదే అనుకున్నాను. మరుసటి నెల మళ్లీ ఆర్డర్ వచ్చింది, సుదర్శన్ పేరు మీదే. నేను తట్టుకోలేక సేటు దగ్గరికి వెళ్లాను. "ఇదేం న్యాయం సేటూ? తప్పు వట్టింది నేను, ఆర్డరు ఆయనకా?"

సేటు లెక్కలోంచి తల ఎత్తలేదు. "బస్సులు వోతున్నయా లేవా? వోతున్నయ్ గద. నీకేడ నొస్తుంది మల్లేశం?"

ఎక్కడ నొస్తోందో చెప్పాలంటే చాలా చోట్లు చూపించాలి. వెళ్లి మళ్లీ వాడి ఎదురుగానే కూర్చున్నాను. కొలువు అయిపోయేదాకా అలాగే సాగింది. వాడు ఎంచడం, నేను వంకలు పెట్టడం, ఆమె వాడి దగ్గరే కొనడం.

శాలువా

నేను దిగిపోయే రోజు యార్డులో బగారన్నం వండించారు. సేటు శాలువా కప్పాడు. అందరూ రెండు మంచి మాటలు చెప్పారు. అంతలో మామా నేమా వీడియో కాల్ చేసింది. ఎవరి ఫోన్‌కనుకున్నారు? సుదర్శన్ ఫోన్‌కే. నా వీడ్కోలు, వాడి ఫోన్.

ఆమె వెనకాల ఒక బస్సు ఆగి ఉంది. పక్కన కీసర కాలేజీ పేరు తెలుగులో ఇంకా కనిపిస్తోంది. "మిస్టర్ మల్లేశం, మీరు వెళ్లిపోతే నేను బస్సులు ఎలా కొనాలి?" అంది.

"సుదర్శన్ ఉన్నాడు కదండీ. మీరు నమ్మింది ఆయన్నే కదా" అన్నాను. మాటలో పుల్లదనం నాకే తెలిసింది.

ఆమె నవ్వింది. "సుదర్శన్ మంచివాడు. ఆయనకు అందరూ మంచివాళ్లే, అన్ని బస్సులూ మంచివే. హైదరాబాద్ వచ్చి వెళ్లాక, మీరు తిట్టని బస్సు నేను ఒక్కటి కూడా కొనలేదు. ఆయన బస్సులో లోపం ఉంటే మీరు వదలరు. ఆయనంటే మీకు పడదు కాబట్టి దాచరు. ఇంతకాలం నేను నమ్మింది మీ మాట."

యార్డంతా వింటోంది. నాకు వాడంటే పడదని టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ దాకా తెలుసన్నమాట. చెవులు వేడెక్కాయి. కానీ ఆ సిగ్గు మీంచి ఇంకేదో పొంగుకొచ్చింది. ఆమె మనిషిని నేనే. ఇన్నేళ్లూ నేనే. శాలువా సర్దుకొని, జీవితంలో మొదటిసారి సుదర్శన్ వైపు జాలిగా చూశాను. పాపం, వాడికి తెలియదు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "మీకు ఈ ఆలోచన ఎలా వచ్చిందండీ?" అని అడిగాను.

"నాకు రాలేదు. నేను వచ్చిన రోజు సుదర్శనే చెప్పాడు. 'మల్లేశన్నకు నేనంటే కుళ్లు. నా బస్సును ఆయనకు చూపించండి, ఒక్క నట్టు వదలడు' అని."

నేను తిరిగి చూశాను. వాడు కంచంలో రెండోసారి బగారన్నం పెట్టుకుంటున్నాడు.

"తప్పా అన్నా?" అన్నాడు. "కిందికి దూరి సూసుడంటే నాకు శాతగాదు. నువ్వు సూసినంక మస్తు నిమ్మళంగ నిద్రవట్టేది."

పిల్లలూ, మీ ప్రశ్నకు జవాబు ఇదే. మీ వస్తువు మంచిదని మీరు చెప్తే ఎవడూ నమ్మడు. మీరంటే గిట్టనివాడి చేతికి దాన్ని ఇచ్చి, వాడు ఏమన్నాడో కొనేవాడికి వినిపించండి. ఇది నేను నేర్చుకున్నది కాదు. నా ఎదురు కుర్చీలో కూర్చున్నవాడికి మొదటి రోజు నుంచే తెలుసు.

పోయిన వారం వాడు ఫోన్ చేశాడు. "అన్నా, కీసర కాడ ఒక బస్సు సూసిన. మంచిగనే ఉన్నట్టుంది. జర వచ్చి సూస్తవా?"

"రిటైరైనోణ్ని నేనెందుకు వస్త?" అని పెట్టేశాను.

పద్మ వంటింట్లోంచి తొంగి చూసింది. అప్పటికే నేను చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాను. నా నిజాయితీకి, నా కష్టానికి, నా ఇస్త్రీ చొక్కాకు ఏ విలువా తీసుకురాలేకపోయాను. చివరికి నా కుళ్లుకు మాత్రం విలువ దొరికింది. అది దొరికేలా చేసినవాడూ వాడే. నాకు అన్నిటికన్నా కుళ్లు ఇప్పుడు అక్కడే.